ఆదిసృష్టి భోజనం

నాగులకొండ రాజు కేసరివర్మ ఒకరోజు గుత్తివంకాయ కూర ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళు అరమోడ్చేశాడు. తొడిమకి ముల్లు లేదు. పంటికింద గింజ తగల్లేదు. వెన్నముద్దలా జారిపోయింది.

"ఈ వంకాయ ఎవడు పుట్టించాడ్రా?" అని కేకేశాడు.

తోటమాలి గంగులు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"బ్రహ్మగారూ నేనూ కలిసి పుట్టించాం, ప్రభూ. ఏటా ముళ్ళూ గింజలూ తక్కువున్న మొక్క చూసి, దాని విత్తనమే దాచి నాటాను. పన్నెండేళ్ళు పట్టింది."

రాజు మురిసిపోయి చేతి కంకణం తీయబోయాడు. పక్క పంక్తిలో భోంచేస్తున్న ఆస్థాన పండితుడు యజ్ఞేశ్వరశాస్త్రికి ఒళ్ళు మండింది. మండదూ మరి? నిన్న తన పద్యానికి తలైనా ఊపని రాజు ఇవాళ వంకాయకి కంకణం ఇచ్చేస్తున్నాడు!

"అపచారం!" అన్నాడు పదకొండో కాయ మింగి. "సృష్టి చేసిన రోజున బ్రహ్మ దేన్ని ఎలా చేశాడో అది ఇప్పటికీ అలాగే ఉండాలి. మార్చడం మహాపాపం. తోట పీకించి వీణ్ణి పొలిమేర దాటించండి!"

రాజుకి పాపమంటే మహా భయం. కంకణం మళ్ళీ పైకెక్కింది.

"గంగులూ, రేపు భోజనాల వేళకి శాస్త్రిగారిని ఒప్పించు. లేదా తోట పీకిస్తాను."

పన్నెండేళ్ళ కష్టం! గంగులు బతిమాలబోయాడు. అంతలో శాస్త్రి చెయ్యి పన్నెండో కాయ మీదికి వెళ్ళడం చూశాడు. లోపల్లోపలే నవ్వుకున్నాడు.

"చిత్తం. అయితే రేపు శాస్త్రిగారికి ఆదిసృష్టి భోజనం పెట్టించండి, ప్రభూ. అన్నీ బ్రహ్మగారు చేసింది చేసినట్టే. మనిషి చెయ్యిపెట్టి మార్చింది మెతుకైనా ఉండకూడదు."

"భేష్! నాకు తగిన భోజనం," అన్నాడు శాస్త్రి. అమృతమేదో వడ్డిస్తారనుకున్నాడు పాపం.

మర్నాడు పొద్దుటి ఫలహారం కూడా మానేసి వచ్చి కూర్చున్నాడు. వంటబ్రాహ్మడు అన్నం పెట్టాడు.

"ఏమిట్రా ఇది, గొంతులో గుచ్చుకుంటోంది?"

"కుంటల్లో దానంతటదే మొలిచే అడవి వరి, స్వామీ."

తర్వాత వంకాయ. రేగుపండంత కాయ, తొడిమ నిండా ముళ్ళు. నోట్లో పెట్టుకోగానే చేదు నషాళానికంటింది.

"బ్రహ్మగారి స్వహస్తం!" అన్నాడు గంగులు, కళ్ళకద్దుకుంటూ.

శాస్త్రి అరటిపండు కొరికాడు. కటుక్కుమంది. అడవి అరటి మరి, లోపలంతా మిరియాల్లాంటి నల్లగింజలు. ముందుపన్ను కాస్తా కదిలింది.

"పోనీ, పెరుగన్నా వెయ్యండ్రా!"

"మచ్చిక చేసిన ఆవు పనికిరాదు కదండీ," అన్నాడు గంగులు. "అందుకని అడవిదున్నని పితకడానికి ఇద్దరు భటుల్ని పంపాం."

"ఏరీ వాళ్ళు?"

"ఇంకా చెట్టు దిగలేదు, స్వామీ."

అందరూ గొల్లుమన్నారు. శాస్త్రి విస్తరి ముందునించి లేవబోయాడు.

"అంటే ఏమిట్రా? బ్రహ్మకి సృష్టి చెయ్యడం చేతకాలేదంటావా?"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. అవునన్నాడో, పొలిమేరే గతి. గంగులు లెంపలు వేసుకున్నాడు.

"ఎంత మాట! ఆయన పాలు తోడుపెట్టారు, స్వామీ. తోడుకోవడానికి వ్యవధి కావద్దూ? తమరు తోడేసిన ఘడియకే మూత తీసి, ఇంతే, అయిపోయిందంటున్నారు. నేను గిన్నె దగ్గర కూర్చుని కనిపెట్టుకున్నాను, అంతే."

సరిగ్గా అప్పుడే రాజుగారి గుత్తివంకాయ కూర పొగలు కక్కుతూ వచ్చింది. లేవబోయిన శాస్త్రి మళ్ళీ కూలబడ్డాడు.

"తేల్చి చెప్పండి శాస్త్రిగారూ," అన్నాడు రాజు. "తోట పీకించమంటారా?"

శాస్త్రి నోట్లో అప్పటికే రెండు కాయలున్నాయి. వద్దు, వద్దని రెండు చేతులూ గాభరాగా ఊపాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, కంకణం తీసి గంగులు చేతికి తొడిగాడు. శాస్త్రి ఎలాగో మింగి, విస్తరి ముందుకి జరిపాడు.

"బ్రహ్మార్పణం! ఇంకో రెండు వెయ్యి, గంగులూ."