కిరీటి రాల్చిన కొమ్ములు

ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. చుట్టూ ఎర్రరాతి కొండలు, నడుమ ఇప్పచెట్లు, మద్దిచెట్లు, వెదురు పొదలు. ఆ అడవిలో అడవిదున్నలు, అడవిపందులు, జింకలు, నెమళ్ళు ఉండేవి. ముళ్ళపందులు, దుమ్ములగొండ్లు, ఒంటినిండా పొలుసులుండే అలుగులు కూడా ఉండేవి. కానీ ఇప్పలకోనలో ఎవరెవరు ఉంటారని అడిగితే ఈ రెండో వరస పేర్లు ఎవరూ చెప్పేవారు కారు.

అడవి మొత్తానికి ఎండాకాలంలో ఎండని మడుగు ఒక్కటే. ఆ మడుగుకు పెద్ద కిరీటి.

కిరీటి కణుజు. జింకల జాతిలోకెల్లా పెద్ద ఒడ్డూ పొడుగూ కణుజుది. అతని తలమీద రెండు పెద్ద కొమ్ములు, ఒక్కోదానికి మూడేసి కొసలు. దారికి అడ్డంగా చెట్టుకొమ్మ ఉన్నా కిరీటి తల వంచేవాడు కాదు. చెట్టుకొమ్మే విరగాలి. "తల వంచడం మా ఇంటావంటా లేదు" అని చెప్పుకునేవాడు. మేత మేసేటప్పుడు మాత్రం వంచేవాడు. అది లెక్కలోకి రాదట.

మడుగు ఒడ్డున నడుమెత్తు నల్లబండ ఒకటి ఉండేది. దానికి మర్యాదబండ అని పేరు పెట్టింది కిరీటే. నీళ్ళు తాగాలంటే ముందు ఆ బండకు కొమ్ము తగిలించాలి. టక్కున చప్పుడు రావాలి. అడవిపందులకు కొమ్ములు లేవు కాబట్టి కోర తగిలిస్తే చాలు. నెమలికి అదీ లేదు కాబట్టి బండెక్కి పురి విప్పితే చాలు. ఆడజింకలు కొమ్మున్న మగవాళ్ళ వెనక వస్తే చాలు. తన వాళ్ళెవరూ దాహంతో పోకుండా కిరీటి అన్ని వెసులుబాట్లూ ఆలోచించి పెట్టాడు.

మరి కొమ్ము, కోర, పురి మూడూ లేనివాళ్ళ సంగతి? వాళ్ళు దిగువన దున్నల గిట్టలు దిగిన గుంటల్లో బురదనీళ్ళు తాగాలి.

బండ దగ్గర కాపలా నెమలి నీలప్పది. వానలు వెనకపట్టగానే "మేనమామ ఇంటికి వెళ్ళొస్తా" అని కొన్నాళ్ళు కనిపించకుండా పోయేవాడు. మిగతా ఏడాదంతా బండ దిగేవాడు కాదు. ఆ మేనమామ ఎక్కడ ఉంటాడో ఎవరూ అడగలేదు.

ఒక ఏడు ఎండలు ముందే ముదిరాయి. దిగువ గుంటలు ఎండి నెర్రెలు విచ్చాయి. ఒకరోజు ముళ్ళపంది సూదమ్మ ఇద్దరు పసిబిడ్డలను వెంటబెట్టుకుని బండ దగ్గరకు వచ్చింది.

"దొరా, నాకు వద్దు. ఈ పసివాళ్ళ గొంతులు తడిపితే చాలు" అంది.

"కొమ్ముందా?" అన్నాడు కిరీటి.

"లేదు దొరా. ముళ్ళున్నాయి."

"ముళ్ళు ఘనతా? తుమ్మచెట్టుకూ ఉన్నాయి." పక్కనున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. కిరీటికి ఆ నవ్వు మేతకన్నా రుచిగా అనిపించింది. "ఇదిగో, ఇవాళ నీకు పోస్తే రేపు ఆ దుమ్ములగొండి బొమికయ్య వస్తాడు. చచ్చినవాళ్ళ ఎముకలు కొరికిన మూతి మా మడుగులో పెడతాడు. రూలంటే రూలే. నాకైనా, నీకైనా."

సూదమ్మ శాపనార్థాలు పెట్టలేదు. కిరీటి కొమ్ముల వంక ఒక్కసారి తలెత్తి చూసింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది. బిడ్డలను ముందు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

"చూశావా, నోరెత్తలేదు. న్యాయం అంటే అలా ఉండాలి" అన్నాడు కిరీటి, నీలప్పతో.

ఇక్కడ కిరీటి గుట్టు ఒకటి చెప్పాలి. కణుజు కొమ్ములు శాశ్వతం కాదు. ఏటా ఎండాకాలంలో రాలిపోతాయి. వానలు పడ్డాక మెల్లగా మళ్ళీ మొలుస్తాయి. ఆ అడవిలో ఇంకో మగ కణుజు లేడు, మిగతావి కొమ్ములు రాలని కృష్ణజింకలు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియదు. తల దురద మొదలవగానే కిరీటి అందరినీ పిలిచి, "నేను ఉపవాసానికి పోతున్నాను. దేవుడితో మాట్లాడే పని ఉంది. నన్ను ఎవరూ పలకరించకండి" అని చెప్పి వెదురు పొదలోకి వెళ్ళిపోయేవాడు. ఆ పొదలో చిన్న ఊట ఉండేది. కిరీటి ఊటనీళ్ళు తాగుతూ, లేత వెదురు చిగుళ్ళు మేస్తూ ఉపవాసం చేసేవాడు. కొత్త కొమ్ములు గట్టిపడ్డాక నున్నగా బయటికి వచ్చేవాడు. "ఎంత భక్తిపరుడో, ఉపవాసం చేసి ఒళ్ళు చేశాడు" అని అడవి మెచ్చుకునేది.

రాలిన కొమ్ములను చూడటమే అతనికి అవమానం. ఆకుల కిందికి తన్నేసేవాడు. రెండు రోజులకు అవి కనిపించేవి కావు. చెదలు తినేసి ఉంటాయిలే అనుకునేవాడు.

సూదమ్మను తరిమిన నాలుగు రోజులకు కిరీటి తల దురద పెట్టింది. మామూలుగానే ఉపవాసం చాటించి పొదలోకి వెళ్ళాడు. ఒక కొమ్ము ఆ రాత్రే రాలింది. రెండోది మర్నాడు రాలింది. తన్నేశాడు. దాహమేసి ఊట దగ్గరకు వెళ్ళాడు.

ఊట ఎండిపోయింది.

కాలితో గోకాడు. పొడి మట్టి లేచింది. "సాయంత్రానికి ఊరుతుందిలే" అనుకున్నాడు. ఊరలేదు. రెండో రోజు నాలుక పిడచగట్టింది. మూడో రోజు తెల్లవారుజామున, ఎవరూ లేవకముందే నాలుగు గుక్కలు తాగి వచ్చేద్దామని మడుగుకు బయలుదేరాడు.

నీలప్ప బండమీదే ఉన్నాడు. చెప్పిన పని అంత శ్రద్ధగా చేసేవాడు మరి.

"ఎవరది? కొమ్ము తగిలించు" అన్నాడు నీలప్ప.

కిరీటి ఛాతీ విరిచాడు. "నీలప్పా, నేనురా. కిరీటిని."

నీలప్ప కిందికీ మీదికీ చూశాడు. నున్నటి బోడితల, పీక్కుపోయిన డొక్కలు. "కిరీటి దొర ఉపవాసంలో ఉన్నారు. నువ్వెవరివో బోడిగాడివి, ఆయన పేరు పెట్టుకుని వచ్చావా?"

అడవిపందులు లేచి వచ్చాయి. "గొంతు దొర గొంతులాగే ఉందే" అంది ఒక ముసలి పంది.

"గొంతుకు కొమ్ములుంటాయా?" అన్నాడు నీలప్ప. "రూలంటే రూలే. కిరీటి దొరకైనా, నీకైనా. ఆ మాట ఆయన నోటితో అన్నదే."

అందరూ పకపకా నవ్వారు. అదే నవ్వు. కిరీటికి అది బాగా తెలిసిన నవ్వే, కానీ ఇటువైపు నిలబడి ఎప్పుడూ వినలేదు. అడవిపందులు కోరలు చూపించి తరిమాయి. నీళ్ళు పది అడుగుల దూరంలో తళతళలాడుతూనే ఉన్నాయి. కిరీటి పరుగెత్తాడు. ఒళ్ళు మండే సిగ్గుతో పరుగెత్తి, ఎండిన వాగులో ఇసుకమీద కూలిపోయాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా దుమ్ములగొండి బొమికయ్య నిలబడి ఉన్నాడు.

"వచ్చావా?" అన్నాడు కిరీటి నీరసంగా. "ఎముకల కోసమేగా. ఇంకాస్త ఆగు, ఎంతోసేపు పట్టదు."

"ఆగితే నీకే నష్టం దొరా, లే" అన్నాడు బొమికయ్య. మెడ కింద తల దూర్చి లేవనెత్తాడు. కంపు కొడుతున్న ఆ భుజంమీద ఆనుకుని కిరీటి వాగు వెంట నడిచాడు. ఇంటావంటా లేని పని చేశాడు. తల వంచాడు. ఎత్తి ఉంచే బలం లేదు.

వాగు మలుపులో ఇసుక తవ్విన చెలమ ఉంది. అలుగులు లోతుగా తవ్వితే, ముళ్ళపందులు గట్లు సరిచేశాయి. అడుగున తేటనీళ్ళు ఊరుతున్నాయి. చుట్టూ అడవిలో ఎవరూ పేరెత్తని వాళ్ళంతా ఉన్నారు. సూదమ్మ బిడ్డలు నీళ్ళలో మూతులు పెట్టి బుడగలు ఊదుతున్నారు. సూదమ్మ కిరీటిని చూసి బిడ్డలను పక్కకు జరిపింది.

కిరీటి గట్టుమీద ఆగిపోయాడు. పాత అలవాటు. అటూ ఇటూ చూశాడు. "ఇక్కడ దేన్ని తగిలించాలి? నా దగ్గర ఏమీ లేదు" అన్నాడు.

"దాహముందా?" అంది సూదమ్మ.

"ఉంది."

"అదే చాలు. తాగు."

కిరీటి తాగాడు. తాగుతున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తాగినవన్నీ అటే పోతున్నాయా అనుకున్నాడు బొమికయ్య.

తాగి తలెత్తి, "మీరు నన్ను పోల్చుకున్నట్టు లేరు" అన్నాడు కిరీటి. "నేను ఆ కిరీటినే. నీ బిడ్డలను తరిమింది నేనే. ఇప్పుడు నన్ను వెళ్ళగొట్టినా తప్పులేదు."

"కొమ్ములు లేకుండా నిన్ను చూడటం నాకు కొత్త కాదు దొరా" అంది సూదమ్మ. "నాలుగేళ్ళుగా చూస్తున్నా. ఆకుల కిందికి తన్నేస్తావు కదా, వాటిని మా బొరియకు లాక్కుపోయేది నేనే. కొరుక్కు తింటాం. కడుపుతో ఉన్నవాళ్ళకూ, బిడ్డలకూ ఎముక బలం కావాలి. ఈ ఇద్దరూ నీ కొమ్ములు తిని పెరిగినవాళ్ళే."

కిరీటి ఆ పిల్లల వంక చూశాడు. వాళ్ళు ఇంకా బుడగలు ఊదుతున్నారు.

"మరి ఆ రోజు బండ దగ్గర..." అన్నాడు. "ఒక్క మాట అంటే నా పరువు గంగలో కలిసేది. ఎందుకు అనలేదు అక్కా?"

అక్కా అనే మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"అంటే నీకు నీళ్ళుండవుగా" అంది సూదమ్మ.

ఏ శిక్ష వేసినా కిరీటి తట్టుకునేవాడే. ఈ మాట తట్టుకోలేకపోయాడు. "ఈ నీళ్ళ రుణం ఎలా తీర్చుకోను?" అన్నాడు చివరికి.

"నీళ్ళు మేం పోసినవి కావు తమ్ముడూ. అడుగున ఉంచింది పైవాడు. మేం అడ్డమున్న ఇసుక తీశాం, అంతే."

కిరీటి ఆ ఎండాకాలమంతా అక్కడే ఉన్నాడు. గిట్టలతో ఇసుక తవ్వడం నేర్చుకున్నాడు. మొదట్లో తవ్విన ఇసుకంతా బొమికయ్య ముఖాన పోసేవాడు. తర్వాత పని పట్టుబడింది. వానలు వచ్చాయి. మెత్తటి నూగుతో కొత్త కొమ్ములు మొలిచాయి. వానలు వెనకపట్టేసరికి గట్టిపడ్డాయి. అంతకుముందు ఏ ఏడూ లేనంత పెద్దవి.

ఒకరోజు కిరీటి మడుగుకు బయలుదేరాడు. అతన్ని చూడగానే పందులూ దున్నలూ దారి ఇచ్చాయి. "దొరగారు వచ్చారు! ఉపవాసం ముగిసింది!" అని కేకలు. అందరూ బండ వంక చూశారు, ఆ టక్కుమనే చప్పుడు కోసం. కిరీటి తలలో పాత గర్వం ఒకసారి కదిలింది. ఒక్క తగిలింపు చాలు, అన్నీ మళ్ళీ మునుపటిలా అయిపోతాయి.

అప్పుడే బండ వెనక తంగేడు పొదలో ఏదో గలగలలాడింది. కిరీటి కొమ్ముతో పొద తప్పించి చూశాడు. నీలప్ప ముడుచుకుని కూర్చున్నాడు. తోకన ఒక్క పొడుగు ఈక లేదు. ఈకలు ఏటా వానల చివర రాలిపోతాయి. మేనమామ ఇల్లు ఆ పొదే.

"దొరా, ఎవరికీ చెప్పకండి" అన్నాడు నీలప్ప. "నేను ఈ మడుగువైపు రానే రాను."

అందరూ మెడలు సాచి చూస్తున్నారు. నవ్వడానికి నోళ్ళు తెరుచుకుంటున్నాయి.

"దాహముందా?" అన్నాడు కిరీటి.

"ఉంది దొరా."

"అదే చాలు. రా."

నీలప్పను పక్కన నడిపించుకుంటూ బండ దాటాడు. కొమ్ము తగిలించలేదు. ఒడ్డున నిలబడి అందరికీ వినిపించేలా చెప్పాడు. "ఆ రోజు మీరు తరిమిన బోడిగాణ్ణి నేనే. పెట్టిన రూలు నాది, తిన్న దెబ్బ నాది. నన్ను బతికించినవాళ్ళు వెనక వస్తున్నారు. వాళ్ళు తాగాకే నేను తాగుతాను."

వెనక సూదమ్మ, ఆమె బిడ్డలు, అలుగులు, అందరికన్నా చివర బిడియపడుతూ బొమికయ్య వచ్చారు. దున్నల్లో ఇద్దరు ముక్కులు చిట్లించి వెళ్ళిపోయారు. దాహమేసి సాయంత్రానికి తిరిగి వచ్చారు. వాళ్ళకూ ఎవరూ అడ్డు చెప్పలేదు.

మర్యాదబండ ఇప్పటికీ అక్కడే ఉంది. నీళ్ళు తాగాక ఉడుములు దానిమీద పడుకుని ఎండ కాచుకుంటాయి.

మరుసటి ఎండాకాలం కిరీటి ఉపవాసం చాటించలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా మడుగు ఒడ్డునే కొమ్ములు రాల్చాడు. వాటిని నోట కరిచి తీసుకెళ్ళి సూదమ్మ బొరియ ముందు పెట్టాడు.

"ఇంత మంచివి ఊరికే తీసుకోవడం ఎలా తమ్ముడూ?" అంది సూదమ్మ నవ్వుతూ.

"పిల్లలకు ఆకలుందా? అదే చాలు అక్కా."

అని బోడితలతో మడుగుకు నడిచాడు. బొమికయ్య వెనక, వరసలో అందరికన్నా చివర నిలబడ్డాడు. అంత గర్వంగా కిరీటి నిలబడటం ఇప్పలకోన అంతకుముందెన్నడూ చూడలేదు.

నీతి: దేవుని కృపకు మన దాహమే అర్హత, దాన్ని ఉచితంగా తాగినవాడు ఇంకొకరికి అడ్డంగా బండ పెట్టకూడదు.