హెడ్మాస్టారి మోకాలి ప్యాడ్లు

జోగారావు గారికి యాభై రెండో ఏట స్కేటింగ్ పిచ్చి పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీద నడుస్తున్నారు. ఆ వేళప్పుడు అటు బళ్ళు రానివ్వరు. తన ఈడు పెద్దమనిషి ఒకాయన కాళ్ళకు చక్రాల బూట్లు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకు పెద్దరికం చెయ్యడానికి వెళ్తున్నంత తీరిగ్గా ఈయన పక్కనుంచి జారిపోయాడు. అంతే. అలా ఒక్కసారైనా ఆ రోడ్డు మీద వెళ్ళకపోతే బతుకెందుకు అనిపించింది జోగారావు గారికి. ఆ వారమే బూట్లు కొనుక్కున్నారు.

పార్కు వెనకున్న రింకులో స్కేటింగ్ నేర్పేది ఫిలోమినా. ముప్పై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. ఆమె దగ్గర హాజరుపట్టీ లేదు. క్లాసు అయ్యాక అందరూ మోకాళ్ళకు కట్టుకున్న ప్యాడ్లు విప్పి బెంచీ మీద వరసగా పెట్టాలి. వాటి మీది ప్లాస్టిక్ చిప్పల్ని చూసుకుంటూ ఆమె ఆ వరస వెంట నడుస్తుంది. గీతల్ని బట్టి ఎవరి చదువు ఎంతవరకు వచ్చిందో ఆమెకు తెలిసిపోతుంది. నెలాఖరు ఆదివారం బీచ్ రోడ్డుకి ఎవరిని తీసుకెళ్ళేదీ ముందురోజు ఆ బెంచీ దగ్గరే చెబుతుంది.

జోగారావు గారి ప్యాడ్లు నాలుగో వారం కూడా కొట్లోంచి అప్పుడే వచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి.

ఎందుకు మెరవవు? ఆయన కమ్మీ వదిలితే కదా! రింకు చుట్టూ ఉన్న ఇనప కమ్మీని గోడ పట్టిన బల్లిలా పట్టుకుని రోజుకు పది చుట్లు తిరిగేవారు. పడడమంటే ప్రాణం పోయేంత సిగ్గు. పదిహేనేళ్ళుగా హెడ్మాస్టరు. ఆయన చెప్పుల చప్పుడు వింటే బడి వరండాలో కాకి కూడా అరవదు. అలాంటి మనిషి, తన బడి పిల్లల తల్లిదండ్రులు నిలబడి చూసేచోట బోర్లా పడితే, రేపు ప్రార్థనలో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

"పడకుండా నేర్పలేవా అమ్మా?" అని ఒకసారి అడిగారు కూడా.

"నాకు రాదు సార్," అంది ఫిలోమినా.

నెలాఖరు దగ్గరపడింది. శుక్రవారం బడి నుంచి రాగానే జోగారావు గారు పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ మీద ప్యాడ్లను పరపరా రుద్దారు.

"ఏం చేస్తున్నారండీ?" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

"శుభ్రం చేస్తున్నాను," అన్నారు. అబద్ధమాడే అలవాటు లేక గొంతు కీచుమంది.

శనివారం సాయంత్రం ఫిలోమినా ఆయన ప్యాడ్ల దగ్గర ఆగింది. ఒకటి తీసి వెలుతురు కేసి తిప్పి చూసింది. తర్వాత వంగి, తన మోకాలికున్న ప్యాడు విప్పి దాని పక్కన పెట్టింది. మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది.

జోగారావు గారు చూశారు. ఆమె ప్యాడు మీద గీతలన్నీ దువ్విన జుట్టులా పైనుంచి కిందికి ఒకే వాలుగా ఉన్నాయి. ముందుకు జారుతూ పడ్డ మనిషికి అలాగే పడతాయి. ఆయన ప్యాడు మీద గీతలు అడ్డంగా, గుండ్రంగా, గిన్నె తోమినట్టున్నాయి.

ఆయన చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో, లెక్కలు కాపీ కొట్టిన పిల్లాడి పుస్తకాన్నీ అసలు పుస్తకాన్నీ ఆయన ఇలాగే పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవారు. ఆ పిల్లలకు ఎలా ఉండేదో ఇన్నాళ్ళూ ఆయనకు తెలీదు.

ఫిలోమినా వచ్చి పక్కన కూర్చుంది.

"ఏ రాయి సార్?"

"బట్టలుతికే బండమ్మా."

"ఏటి సార్, అంత కష్టపడ్డారు? పడిపోతే ఇందులో సగం శ్రమ కూడా ఉండదు."

"రేపు నేను రానులే అమ్మా," అన్నారాయన నేలచూపులు చూస్తూ. "కాపీ కొట్టినవాణ్ణి నేనైతే పరీక్షకు రానివ్వను."

ఫిలోమినా లేచింది. ఆ ప్యాడ్లనే తీసి ఆయన మోకాళ్ళకు మళ్ళీ కట్టింది, తనదీ కట్టుకుంది. ఇంకా చక్రాల బూట్లు విప్పని ఆయన్ని రెండు చేతులూ పట్టుకుని రింకు నడిమధ్యకు తీసుకెళ్ళింది. అక్కడ ఎటు చూసినా కమ్మీ దూరమే. ఆయన చేతులు వదిలేసి, ఉన్నట్టుండి తాను కిందపడింది. ముందు మోకాళ్ళు, తర్వాత మోచేతులు, ఆఖరున వేళ్ళు పైకెత్తిన అరచేతులు. చూసేవాళ్ళకు గురువే శిష్యుడికి సాష్టాంగపడ్డట్టుంది.

"అయ్యయ్యో, లేమ్మా! జనం చూస్తున్నారు!"

"మీరే రండి సార్," అంది కిందనుంచి.

జోగారావు గారు అటూ ఇటూ చూశారు. కళ్ళు మూసుకుని మోకాళ్ళు వంచారు. టప్పున చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నారు. దెబ్బ తగల్లేదు. నేల ఆయన అనుకున్నంత దూరంలో లేదు.

కమ్మీ అవతల ఎవరో ఒకాయన చేతులు జోడించాడు. "నమస్కారం సార్! మా అమ్మాయి మీ బడిలోనే, ఎనిమిదో తరగతి."

"నమస్కారం, నమస్కారం," అన్నారు హెడ్మాస్టారు బోర్లా పడుకునే. "లెక్కలు బాగా చెయ్యమనండి."

ఆ మాట అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. ఒక మోకాలు ఎత్తి, దాని మీద చేతులు ఆనించి లేచారు. రెండడుగులు జారారు, మళ్ళీ పడ్డారు. నాలుగోసారి పడ్డప్పుడు పైకే నవ్వేశారు. ఒళ్ళంతా హాయిగా ఉంది. బడి ఎగ్గొట్టిన పిల్లవాడికి కూడా అంత హాయిగా ఉండదు.

"ఇక చాలు సార్, టైమైంది," అంది ఫిలోమినా. "తెల్లారి ఐదున్నరకి బీచ్ రోడ్డు దగ్గరుండండి."

"నాకింకా సరిగా నిలబడ్డమే రాలేదమ్మా!"

"నిలబడ్డం దారిలో వస్తుంది సార్. పడ్డం రానివాళ్ళనే నేను తీసుకెళ్ళను."