చేటెడు తవుడుకు కొన్న రాకుమార్తె

అనగనగా ఏడు సముద్రాలకు ఇవతల మణిగిరి అనే రాజ్యం, దానికొక రాజు. ఆయనకు పెద్ద కూతురు పుడితే రత్నమాల అని పేరు పెట్టాడు. కరాళుడనే మాయలవాడు ఆ పేరు విని, పొగమంచులా వచ్చి పిల్లను ఎత్తుకుపోయాడు. రెండో కూతురు పుడితే ముత్యావళి అన్నాడు. మంచు మళ్ళీ వచ్చింది, ఆ పిల్లా పోయింది.

మూడో కూతురు పుట్టగానే రాణి బిడ్డను మంత్రసాని చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. పేరు తవిటమ్మ అంది. ఆ పేరు మాయలవాడి చెవికి ఆనలేదు. పిల్ల బతికింది.

బతికిన పిల్లకు పెరిగాక ఆ పేరంటే సిగ్గు. ఆవులు వెంటపడతాయి జాగ్రత్తమ్మా అని చెలికత్తెలు ఆటపట్టించేవారు. జయధీరుడనే రాకుమారుడితో పెళ్ళి కుదిరింది. అతడు పేరడిగితే, తల్లి ఎంత చెప్పినా వినక, "వజ్రమాల" అంది. ఆ మాట నోట ఉండగానే మంచు కమ్మింది. మంచు విడేసరికి ఆమె లేదు.

రాణి ఏడుస్తూ అసలు పేరూ, ఏడు సముద్రాల అవతలుండే మాయలవాడి సంగతీ చెప్పింది. జయధీరుడు సముద్రపు ఒడ్డుకు పోయి, వలలో చిక్కిన ఒక తాబేలును విడిపించాడు. తాబేలు అతణ్ణి వీపున ఎక్కించుకుంది. ఒక సముద్రం పాలలా తెల్లగా ఉంది, ఒక సముద్రం అడుగున చుక్కలు మెరిశాయి. అలా ఏడూ దాటారు. "వాడి ప్రాణం చిలకలో ఉంది నాయనా. రత్నాల పేర్లున్న పిల్లల్ని వాడు రాళ్ళుగా మార్చి దాచుకుంటాడు. పిలిస్తే వాళ్ళలో ఒక్కరు పలికినా ఆ చిలక బతకదు" అని తాబేలు చెప్పింది.

దీవిలో రత్నాల గుట్ట, గుట్ట మీద పంజరంలో చిలక. మాయలవాడు నవ్వి, మూడుసార్లు పిలుచుకో, ఎవరూ పలక్కపోతే నువ్వూ రాయివే అన్నాడు.

"నా రత్నమా" అని పిలిచాడు. గుట్టంతా మెరిసింది, ఎవరూ పలకలేదు.

"వజ్రమాలా" అని పిలిచాడు. గుట్టంతా మెరిసింది, ఎవరూ పలకలేదు.

"తవిటమ్మా" అని పిలిచాడు.

మాయలవాడు విరగబడి నవ్వాడు. "రాజుగారి కూతురికి పశువుల మేత పేరా?"

గుట్ట అడుగున ఒక చిన్న రాయి సిగ్గుతో వణికింది. దానికి తల్లి ఎన్నోసార్లు చెప్పిన చేటెడు తవుడు మాట గుర్తొచ్చింది.

"తవిటమ్మనే. ఇక్కడున్నాను" అంది.

చిలక తల వాల్చింది, మాయలవాడు పొగయ్యాడు. రాళ్ళన్నీ ఆడపిల్లలై లేచాయి, అక్కలిద్దరూ లేచారు.

పెళ్ళి ఘనంగా జరిగింది. ఆ దంపతులు చాలాకాలం ధర్మంగా రాజ్యమేలారు. ప్రేమతో పెట్టిన పేరును దాచుకోవడం తప్పని తవిటమ్మ ఎన్నడూ మరువలేదు. మాయలవాడి భయం లేకపోయినా, తనకు కూతురు పుట్టిన రోజున చేటెడు తవుడు తెమ్మని తానే కబురు పంపింది.