పట్టీ వదులైన హెడ్‌ఫోన్

వెనకాల ఏదో శబ్దం ఉందన్నారు. నాకు వినిపించడం లేదు. అదీ నాకొచ్చిన చిక్కు.

హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ తెలుగు నవలల్ని చదివించి, రికార్డు చేసి, ఫోన్లో వినేవాళ్ళకు అమ్ముతుంది. చదివేవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి పది నిమిషాల నమూనా పంపాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. "గొంతు బాగుంది. వెనకాల టక్ టక్ అని శబ్దం వస్తోంది. అది లేకుండా మళ్ళీ పంపండి."

నేను చదివే గదిలో గోడ గడియారం ఉంది. దాని బ్యాటరీ తీసేశాను. ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. ట్యూబులైటు వెనక ఒక బల్లి ఉండేది. చీపురు పట్టుకుని దాన్ని రెండు రోజులు తరిమాను.

"బల్లి పలికితే మంచిదే గదా, దాన్నేల తరుముతావు" అంది అమ్మ.

బల్లి వెళ్ళిపోయింది. మళ్ళీ చదివి పంపాను.

"శబ్దం అలాగే ఉంది. బుధవారంలోగా సరిచేసి పంపితే చూస్తాం. ఆ తర్వాత ఈ పుస్తకం వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం."

డిగ్రీ అయ్యాక నాకు నేనుగా వెతుక్కున్న మొదటి పని అది. ముప్పై ఎనిమిది అధ్యాయాల నవల. అది చేజారితే మామయ్య సిమెంటు షాపులో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అమ్మ అప్పటికే మామయ్యకు మాట ఇచ్చేసింది.

ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా రికార్డింగును పదకొండు సార్లు విన్నాను. వేగం కూడా సరిచూసుకున్నాను. నిమిషానికి నూట ఇరవై మాటలు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. గడియారం చూడకుండా అంత కచ్చితంగా చదవడం నాకు గర్వం. చదివేటప్పుడే కాదు, వినేటప్పుడు కూడా లెక్క తప్పను. టక్ టక్ మాత్రం ఎక్కడా వినిపించలేదు.

తప్పు ఇయర్‌ఫోన్లదని తేల్చాను. చెవిని మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్లు కొనాలి. చేతిలో రెండున్నర వేలున్నాయి. వాటి గురించి నాకు ఓనమాలు తెలీవు. తెలీనిదాన్ని నేను పట్టిక వేసి తెలుసుకుంటాను.

పంతొమ్మిది రకాలు, పదకొండు గడులు. ప్రతి గడికీ మార్కులు. మొత్తం వందకు. మొదటి ర్యాంకు ఎనభై ఏడు పాయింట్ నాలుగు. రెండో ర్యాంకు ఎనభై ఆరు పాయింట్ తొమ్మిది. ఆ అర మార్కు తేడా గురించి మూడు రోజులు ఆలోచించాను. ఎటూ తేలలేదు. కడప ఏడు రోడ్ల దగ్గర కొట్టాయన్ని బతిమాలి, సోమవారం ఒకటి తిరిగి ఇస్తానని చెప్పి రెండూ సంచిలో వేసుకున్నాను. దస్తగిరి సార్ పేరు చెబితేనే ఇచ్చాడు.

సార్ రేడియోలో ముప్పై ఒక్క ఏళ్ళు రికార్డింగు చేసి రిటైరయ్యారు. అద్దానికి అవతల ఎవరెవరో మాట్లాడుతుంటే ఇవతల కూర్చుని విన్న మనిషి. ఏడాదిగా ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళి పైకి చదవడం నేర్చుకుంటున్నాను. తప్పు చదివితే తప్పని అనరు. "మళ్ళీ" అంటారు. ఒకరోజు ఒకే వాక్యానికి ఇరవై రెండు సార్లు "మళ్ళీ" అన్నారు. నేను లెక్కపెట్టాను.

నమూనా పంపిన సంగతి సార్‌కు చెప్పలేదు. పని వచ్చాక ఒకేసారి చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం అంతా చెప్పాల్సి వచ్చింది.

*

"ఏముంది నవనీతా సంచిలో? పెళ్ళికి పిలవడానికొచ్చినావా?"

"హెడ్‌ఫోన్లు సార్" అని జరిగిందంతా చెప్పాను. భోజనాల బల్ల మీద పట్టిక పరిచాను. సార్ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి, పరీక్ష పేపరు దిద్దినట్టు చదివారు.

"ఈ గడి ఏంది?"

"ఎంత బొంగురు శబ్దం నుంచి ఎంత సన్న శబ్దం దాకా పలుకుతుందో అది సార్. ఇరవై నుంచి ఇరవై వేల దాకా."

"అన్నిటికీ అదే రాసినావే."

"అన్ని డబ్బాల మీదా అదే ఉంది సార్. అందుకే అన్నిటికీ పదికి పది వేశాను."

"అందరికీ పదికి పది వేసేదానికి పరీక్ష ఎందుకు పెట్టినావు మా?"

టీ తెస్తున్న ఖాజాబీ అమ్మ నవ్వారు. ఆమె సార్ భార్య. గ్లాసు నా ముందు పెట్టబోయి, బల్ల మీదున్న నా చెయ్యి చూసి, కొంచెం దూరంగా పెట్టారు.

నేను తగ్గలేదు. "వైరు లేనివి తీసేశాను సార్. వాటిలో మన గొంతు మనకే ఆలస్యంగా వినిపిస్తుందట."

"మంచి పని చేసినావు."

"వెనక చిల్లులున్న రకం కూడా తీసేశాను. లోపలి శబ్దం బయటికొచ్చి మైకులో పడుతుందట."

"అదీ మంచి పనే."

సార్ నోట ఒకే రోజు రెండు మెచ్చుకోళ్ళు అంతకు ముందెప్పుడూ వినలేదు. నేనింకా ఆ సంతోషంలో ఉండగానే అడిగారు.

"మరి ఇందులో నీ తల యాడుంది?"

"తలా సార్?"

"పదకొండు గడులు గీసినావు. వీటిని పెట్టుకునే తల ఏ గడిలో ఉందా అని వెతుకుతాండా."

సార్ మొదటి ర్యాంకు డబ్బా విప్పి, వైరు దేనికీ తగిలించకుండానే, ఆ హెడ్‌ఫోన్‌ను నా తల మీద పెట్టారు. ఖాజాబీ అమ్మ అనపకాయల చాట తెచ్చి మా మధ్య పెట్టారు.

"సగం చాట ఒలిచేదాకా తియ్యొద్దు" అన్నారు సార్.

ఒలవడం మొదలుపెట్టాను. పద్దెనిమిది నిమిషాలకు కళ్ళజోడు కాడలు చెవుల వెనక కోస్తున్నట్టు అనిపించింది. ఇరవై ఆరో నిమిషానికి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళజోడు లేకుండా పుస్తకం చదవలేను.

మిగతా సగం చాటకు రెండో ర్యాంకు. ఖాజాబీ అమ్మ ఏదో అడిగారు. వినిపించలేదు. ఈవిడ ఇంత చిన్నగా మాట్లాడుతున్నారేమిటా అనుకున్నాను. ఆమె తన తల మీద వేలితో కొట్టి చూపిస్తే గానీ నా నెత్తిన ఒకటుందని గుర్తు రాలేదు.

పట్టిక తీసి పన్నెండో గడి గీశాను. పైన "తల" అని రాశాను. మొదటి ర్యాంకు పడిపోయింది. సార్ చూసి, కాయ పొట్టు ఏరుకున్నారు.

*

ఎంపిక అయిపోయింది. శబ్దం దొరకాలి ఇంక. ల్యాప్‌టాప్ తెరిచి, కొత్త హెడ్‌ఫోన్ తగిలించి, నా రికార్డింగు పెట్టాను. కళ్ళు మూసుకుని పది నిమిషాలూ విన్నాను. నా గొంతులో అంతకు ముందు వినని ఊపిరి వినిపించింది, పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. వేగం చక్కగా నూట ఇరవై. టక్ టక్ లేదు.

పడిపోయిన మొదటి ర్యాంకు పెట్టుకుని విన్నాను. అందులోనూ లేదు.

"లేదు సార్. రెండున్నర వేలకు ఆ శబ్దం దొరకదేమో. ఇంకా పెద్దవి కొనాలేమో. బుధవారం లోపల ఎలా?"

సార్ ఇంతసేపూ ఎదురుగా కూర్చుని ఒకసారి నా మొహం, ఒకసారి బల్ల చూస్తూ ఉన్నారు. లేచి లోపలికి వెళ్ళి బీరువా తీశారు. తువ్వాలులో చుట్టిన ఒక పాత హెడ్‌ఫోన్ తెచ్చారు. చెవి దిండ్లకు రెక్సిన్ ఊడిపోతే ఖాజాబీ అమ్మ పాత దుప్పటి గుడ్డతో గలీబులు కుట్టారు. ఎర్ర పూల గుడ్డ. తల మీది పట్టీ సాగిపోయింది. పెట్టుకోగానే మెడ మీదికి జారింది.

"రెండు చేతులా అదిమి పట్టుకో మా. లేకుంటే నిలవదు."

పట్టుకున్నాను. సార్ రికార్డింగు మొదటి నుంచి పెట్టారు.

మూడో మాటకే వినిపించింది. టక్. టక్. సన్నగా, చాలా దగ్గరగా, సెకనుకు రెండు చొప్పున. ఎక్కడా తప్పకుండా.

"సార్, ఉంది. వినిపిస్తోంది." దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాను. పేరు అరిగిపోయింది. "ఇది ఏ కంపెనీది సార్? ఇప్పుడూ దొరుకుతుందా? దీనికి వందకు వంద వెయ్యాలి."

"పెండ్లైన కాన్నుంచి ఆయన నెత్తిన పెట్టుకున్నది దాన్నే" అన్నారు ఖాజాబీ అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నుంచి. "నన్ను గాదు. వెయ్యి పాపా, వందకు వంద."

సార్ ఆ మాట విననట్టే, రెండో ర్యాంకు నా చేతికిచ్చారు.

"దీన్ని గూడా అట్లనే పట్టుకుని విను."

"ఇది జారదు సార్. బిగువుగానే ఉంది."

"పట్టుకో మా."

రెండు చేతులా పట్టుకున్నాను. టక్. టక్. టక్.

మొదటి ర్యాంకు. పట్టుకున్నాను. అందులోనూ ఉంది.

"ఫోనువి తెచ్చినావా?"

సంచి అడుగున ఉన్నాయి. రెండు వేళ్ళతో రెండు చెవుల్లోకి నొక్కి పట్టుకున్నాను. కొంచెం దూరంగా, అయినా స్పష్టంగా, టక్. టక్. పదకొండు సార్లు విన్న ఇయర్‌ఫోన్లే అవి.

నాకు లెక్క కుదరలేదు. నాలుగింటిలోనూ ఉంటే ఇందాక లేనిదెందుకు? సార్ వైపు చూశాను. ఆయన ఇయర్‌ఫోన్లు తీయించి, మళ్ళీ రెండో ర్యాంకు నా తల మీద పెట్టారు. రికార్డింగు మొదటి నుంచి పెట్టారు. నా చేతులు వాటంతట అవే పైకి వెళ్ళి పట్టుకున్నాయి. టక్. టక్.

సార్ మెల్లగా నా కుడి చెయ్యి తీసి, కిందికి దించి, బల్ల మీద పెట్టి వదిలేశారు.

అయిదో మాటకు శబ్దం పోయింది.

కిందికి చూశాను. నా చూపుడువేలు బల్లను కొడుతోంది. మాటకొక దెబ్బ. దూరంగా పెట్టిన గ్లాసులో అడుగున మిగిలిన టీ సన్నగా వణుకుతోంది.

గదిలో బల్లిని తరిమిన రెండు రోజులూ గుర్తొచ్చాయి. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"మీకు ఇందాకే తెలుసా సార్?"

"నువ్వు మొదట వచ్చిన ఆదివారమే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే పదమూడో గడి గీసేదానివి."

*

మైకు సంచిలోనే ఉంది. అక్కడే, ఆ బల్ల దగ్గరే చదువుతానన్నాను. కొత్త హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. పుస్తకం నిలబెట్టుకున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

"చేతులు ఎక్కడ పెట్టుకోవాలి సార్?"

సార్ పూల గలీబుల పాత హెడ్‌ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఒక్కో చేతిలో ఒక్కో దిండు పట్టుకుని చదివాను.

ఇంటికి వెళ్ళాక అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒక నిమిషంలో నూట ముప్పై ఒకటి. ఇంకో నిమిషంలో నూట నాలుగు. నవలలో తల్లి ఉత్తరం మడిచి పక్కన పెట్టే చోట తొంభై ఆరే. అన్నీ తప్పులే. కానీ చదువుతున్నంతసేపూ సార్ ఒక్కసారి కూడా "మళ్ళీ" అనలేదు. ఆ మాట గుర్తొచ్చి, ఎలా ఉన్నదో అలాగే పంపాను.

సోమవారం మొదటి ర్యాంకు కొట్టాయనకు తిరిగిచ్చాను. గురువారం కంపెనీ వాళ్ళు ముప్పై ఎనిమిది అధ్యాయాలూ పంపారు. అమ్మ మామయ్యకు ఫోన్ చేసింది.

తర్వాతి ఆదివారం సార్ ఇంటికి వెళ్ళి, అదే బల్ల ముందు కూర్చుని, పుస్తకం తెరిచాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాను. చెయ్యి బల్ల మీద ఊరికే పడుంది.

ఖాజాబీ అమ్మ టీ తెచ్చారు. నా చెయ్యి వైపు ఒక క్షణం చూసి, గ్లాసు నా వేళ్ళ పక్కనే పెట్టి వెళ్ళిపోయారు.