వాగుకు దారి చూపిన ఎండ్రకాయ

ఒకప్పుడు వాగులు వంకర పోయేవే కావు. కొండ దిగితే చాలు, తాడు లాగినట్టు తిన్నగా సముద్రానికే పరుగు! దారిలో పొలముందో పుట్ట ఉందో చూసేవి కావు.

ఆ రోజుల్లో ఒక కొండ కింద, గట్టు బొరియలో, ఎండ్రకాయమ్మ ఉండేది. వరసగా రెండేళ్లు వాగు ఆమె పిల్లల్ని ఊడ్చుకుపోయింది. ఈ ఏడు పొట్ట కింద మళ్లీ ఆవగింజలంత పిల్లలు, బిలబిలమంటూ! "ఈసారి వీళ్లను పోనిచ్చేది లేదు" అనుకుంది.

అంతలోనే ఫెళఫెళా ఉరుములు! కొండయ్య కూతురు వాగమ్మ అత్తారింటికి, అంటే సముద్రానికి, బయల్దేరుతోంది. మేనమామ మేఘం కావిళ్లకొద్దీ నీళ్ల సారె తెచ్చాడు. ఇంక పిల్లకు కాలు నిలుస్తుందా? దడదడా దూకింది.

 ఎండ్రకాయమ్మ గబగబా కొండ మొదటికి పాకి, దారికి అడ్డంగా నిలబడి, పటకారు చేతులు రెండూ పైకెత్తింది.

"ఆగవే పిల్లా!"

"తప్పుకో పిన్నీ! అత్తారింటికి ఆలస్యమైపోతోంది!"

"అత్తారింటికి పోయే పిల్ల ఇలాగేనా పోయేది? ఇంటింటికీ వెళ్లి 'వెళ్లొస్తాను' అని చెప్పొద్దూ? నలుగురూ మీ నాన్నను ఏమంటారు?"

వాగమ్మ నాలుక కరుచుకుంది. హడావుడిలో ఆ సంగతే మరిచిపోయింది! "నాకు ఎవరిల్లూ తెలీదే! నువ్వే చూపించు పిన్నీ."

ఎండ్రకాయ నడక తెలుసుగా? ముందుకు ఒక్క అడుగు పడితే ఒట్టు! అంతా అడ్డంగానే. ఆమె ఎడమకు పోతే వాగూ ఎడమకే పోయింది. అక్కడ మేడిచెట్టు వేళ్లు చాచి పట్టుకుంది. "కూర్చోవే తల్లీ, ఏం కొంపలు మునిగాయని?"

కొంపలు మునగకూడదనే కదా ఈ తిప్పలన్నీ!

కుడికి పోతే తుంగమడుగు. "ఇంత మట్టి మోసుకుపోతావా? ఇక్కడ దించెయ్" అంది. వాగమ్మ దించేసింది. మళ్లీ ఎడమకు పోతే పచ్చిక పల్లం నవ్వింది. "సారె అత్తారూళ్లోనేనా పంచేది? మాకూ ఇంత పెట్టు!" వాగమ్మ మురిసిపోయి, పల్లమంతా పరుచుకుని నీళ్లు పంచింది.

సరిగ్గా అప్పుడే మేనమామ మిగిలిన సారెంతా ఒక్కసారిగా కుమ్మరించాడు! వాగమ్మ ఉబ్బిపోయింది. "ఇక నావల్ల కాదు పిన్నీ, తిన్నగా పోతా!"

నీళ్లు ఎండ్రకాయమ్మ కళ్ల దాకా వచ్చాయి. పిల్లల్ని పొట్టకు అదుముకుని అరిచింది. "ఇంకొక్క గడపే తల్లీ, మా ఇల్లు! నా పిల్లలకు చెప్పి పో!"

వాగమ్మ వంగి చూసింది. పొట్ట కింద ఆవగింజలంత పిల్లలు వణుకుతున్నారు.

"వీళ్లనా... వీళ్లనా నేను ఏటా ఊడ్చుకుపోయింది?" అంది వాగమ్మ. ఉన్న బలమంతా బిగబట్టి పక్కకు తిరిగింది. బొరియను తాకకుండా చుట్టి, "వెళ్లొస్తానర్రా" అని మెల్లగా సాగిపోయింది. పిల్లలు ఒక్కరూ పోలేదు!

అప్పటినుంచే వాగులు ఈ గడపకూ ఆ గడపకూ వంకర్లు తిరుగుతూ, అందరికీ చెప్పి మరీ పోతున్నాయి. వెళ్లొస్తామన్న మాట కోసం ఏటా వానలకు తిరిగి వస్తున్నాయి కూడా.