నాచు పిడకలు

కృపానందం మాస్టారికి ఒక జబ్బుంది. ఏది అడిగినా సూటిగా చెప్పరు. "పద, టీ తాగొద్దాం" అంటారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళలో సగం మందికి డాక్టరేట్లు వచ్చాయి. కడుపుమంట మాత్రం అందరికీ వచ్చింది.

నీలవేణి వంతు వచ్చిన రోజు సంగతి ఇది. పల్నాటి సున్నపురాళ్ళ మధ్య ఒక సిమెంటు ఫ్యాక్టరీ. దాని పొగను తొట్ల నీళ్ళలోకి బుడగలుగా వదిలితే, కంటికి ఆనని సన్నటి నాచు అందులోని బొగ్గుపులుసు వాయువును తిని పెరుగుతుంది. ఆ నాచును ఎండబెట్టి, పాత క్వారీ గోతిలో వేసి మట్టి కప్పేస్తే, తిన్న గాలి మళ్ళీ పైకి రాదు. ఇదీ నీలవేణి నమ్మకం. మూడేళ్ళుగా తొట్ల పక్కనే కాపురం. ఏ తొట్టికి ఒంట్లో బాగాలేదో రంగు చూసి చెప్పేది. వడగట్టిన నాచుముద్దను తూకం వేసి, పిల్లను అత్తారింటికి పంపినట్టు ఫ్యాక్టరీ వాళ్ళకు అప్పగించేది. ఎండబెట్టడం, పూడ్చడం వాళ్ళ పని.

ఆ ఉదయం తనిఖీ బృందం దారిలో ఉంది. నీలవేణి చేతిలోని కాగితం మీద ఒకటే వాక్యం: 'నాచంతా గోతిలో పూడ్చడమైనది.' కింద సంతకం పెడితే డాక్టరేట్, ఫ్యాక్టరీకి మంచి పేరు. పెట్టకపోతే మూడేళ్ళూ దండగ.

"మాస్టారూ, తూకం నాది. పూడ్చామన్నది వాళ్ళ మాట. నమ్మి సంతకం పెట్టెయ్యొచ్చంటారా?"

"పద, టీ తాగొద్దాం," అన్నారు మాస్టారు.

ఆయన క్యాంటీన్లోకి పోలేదు, దాని వెనక్కి నడిచారు. నీలవేణి అటు ఏనాడూ రాలేదు. టీ ఎప్పుడూ గదిలోకే వచ్చేది మరి.

గోడ నిండా పిడకలు. ఆకుపచ్చ పిడకలు. ఒక్కోదాని మీద ఐదేసి వేళ్ళ అచ్చు. నీలవేణి ఒకదాన్ని వాసన చూసింది. ఆ వాసన ఆమెకు మూడేళ్ళ పరిచయం.

పొయ్యి దగ్గర టీ కాస్తున్న క్యాంటీన్ నాంచారమ్మ నవ్వింది. "నాచు పాపవు నువ్వేనా? నీ పుణ్యమా అని కట్టెలేరే బాధ తప్పిందమ్మా! కాస్త చేపల కంపు, అంతే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన కాడ్నుంచే. ఎండబెట్టమని మాకిచ్చారు. అచ్చం పేడముద్దలా ఉండె, చేతులు ఊరుకుంటయ్యా? గోతిదాకా ఎవరు మోస్తారు, కాల్చుకోండే అన్నాడు మేనేజరు బాబు."

"మరి గోతిలో?"

"గోతిలో ఏముంటయ్యి తల్లీ, వాన నీళ్ళు."

పొయ్యిలోని పొగ తీరుబడిగా లేచి, నీలవేణి తల మీదుగా తొట్లవైపు సాగింది. గేటు దగ్గర కారు హారన్ మోగింది.

"మంట తగ్గుతా ఉంది," అంది నాంచారమ్మ. "ఆ కాగితం పనికొచ్చేది కాకపోతే ఇటియ్యమ్మా."

నీలవేణి ఆ ఒక్క వాక్యాన్నీ మళ్ళీ చదివింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి తనే పొయ్యిలోకి తోసింది. టీ పొంగింది.

మాస్టారు ఒక గ్లాసు ఆమె చేతికిచ్చారు.

"వేడిగా ఉండగానే తాగమ్మా. కాగడానికి మూడేళ్ళు పట్టింది."