రెండు తాళ్ళ వల

చిట్టితల్లీ, కళ్ళు మూసుకుని విను. మధ్యలో లేచి కూచున్నావో, చేపలన్నీ పారిపోతాయి, ముందే చెప్తున్నా!

అనగనగా సముద్రం ఒడ్డున మూడు పేటలట. ఉత్తరాన పెద్ద పేట, దానికి పెద్ద పోలన్న. దక్షిణాన ఇంకో పెద్ద పేట, దానికి పెద్ద అసిరయ్య. మధ్యలో పదకొండే పదకొండు గుడిసెలు. వాటికి పెద్దదిక్కు కాసులమ్మ.

మూడు పేటలకీ కలిపి ఒకటే పెద్ద వల. దాన్ని సముద్రంలో వేసి, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డుమీంచి లాగాలి. ఒక తాడు పోలన్న మనుషులది, ఇంకోటి అసిరయ్య మనుషులది. మధ్యలో నిలబడి కాసులమ్మ "హైలెస్సా" అని పాట ఎత్తితే, రెండు వైపులా ఒకే అడుగు పడాలి. అదీ వాళ్ళ పద్ధతి.

అప్పుడు ఆ ఇద్దరికీ ఎవరు గొప్పా అని పోటీ పుట్టింది! పోలన్న వచ్చి, "అత్తా, రేపట్నించి మా అడుగుకే పాడు. లేదా, మీరు సంతకెళ్ళే దారి మూసేస్తా" అన్నాడు. ఆ తర్వాత అసిరయ్య వచ్చాడు. "మా అడుగుకే పాడు. లేదా, మా మంచినీళ్ళ బావి దగ్గర మీ కడవ కనపడకూడదు."

"ఒకరికే పాడితే వల వంకరైపోద్ది నాయనా" అంది కాసులమ్మ. వింటేనా! దారికి ముళ్ళకంప అడ్డమేసి మూసేశారు, బావీ మూసేశారు. గుడిసెల్లో పిల్లలు దాహం దాహం అని ఒకటే ఏడుపు.

మర్నాడు పొద్దున్నే, అబ్బబ్బ, కవళ్ళ చేపల గుంపొచ్చింది! సముద్రమంతా తళతళలాడిపోతోంది! వల వేశారు. కాసులమ్మ మాత్రం ఇసకలో కూచుంది, నోరు విప్పలేదు.

"పాటెందుకు, మా బలం చూడండి!" అని పోలన్న వాళ్ళు లాగారు. వల అటు వాలింది, ఇటునుంచి చేపలు జారిపోయాయి. అప్పుడు అసిరయ్య, "ఏం బావా, పొద్దున గంజి తాగలేదా?" అని వెక్కిరించి తన వాళ్ళచేత లాగించాడు. వల ఇటు వాలింది, అటునుంచి జారిపోయాయి. మూడోసారి ఇద్దరూ పంతంకొద్దీ గుంజారు. వల నడుమ పటపటమంది!

"అత్తా, పాటెత్తవే అత్తా!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

కాసులమ్మ కదిలిందా? ఊహూఁ. "గొంతెండిపోయింది నాయనా. మా పిల్లలు తాగాక నేను తాగుతా. నేను తాగాక పాడతా. ఆ దారిలో ముళ్ళకంప కూడా తీయించండి."

అంతే! అసిరయ్య పేట ఆడవాళ్ళు కడవలెత్తుకుని పరుగో పరుగు! పోలన్న తమ్ముళ్ళు ముళ్ళకంప పీకి అవతల పారేశారు. పిల్లలు గటగటా తాగారు. అప్పుడు కాసులమ్మ లేచి, "హైలెస్సా!" అంది. రెండు వైపులా ఒకే అడుగు!

వల సగం దూరం వచ్చింది. "చూశారా, మా తాడే ముందు..." అని పోలన్న మొదలెట్టాడు. కాసులమ్మ పాట ఆపేసింది.

"ఏం లేదత్తా, పాడు, పాడు!" అన్నారిద్దరూ.

కవళ్ళేమో బుట్టల్లోకి, కడవలేమో ఇళ్ళల్లోకి,
కథేమో కంచికి, నా తల్లేమో నిద్దట్లోకి!